బండి నెలల తరబడి ఆపే ముందు: పెట్రోల్ ట్యాంకు తుప్పు పట్టకుండా జాగ్రత్తలు

బండిని రెండు మూడు నెలలు కదపకుండా ఉంచబోతున్నారా? కవర్ కప్పేముందు ఇవి చూసుకోండి.

• ముందు టార్చి వేసి ట్యాంకు లోపల చూడండి. అగ్గిపుల్ల, లైటర్ దగ్గరికి రానీయొద్దు. ఎర్రటి పొడి, పొలుసులు కనిపిస్తే శుభ్రం చేయించాకే మిగతా పనులు.

• ట్యాంకు నింపి పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడ్డాక ఆ తేమ పైరేకు లోపలివైపు సన్నటి చుక్కలుగా పట్టి, కిందికి జారుతుంది. నీళ్లు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి. అడుగు చిల్లులు పడేది అందుకే. అలాగని మూతి అంచుదాకా పోయకండి, వేడికి పెట్రోల్ వ్యాకోచించి పొర్లుతుంది.

• ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే పాడవుతుంది కూడా. స్టెబిలైజర్‌ను (నిల్వలో పెట్రోల్ పాడవకుండా కలిపే ద్రవం) సీసా మీద రాసిన మోతాదులో కలిపి, ఆరుబయట కాసేపు ఇంజన్ నడపండి.

• మూత రబ్బరు పగిలిందేమో చూడండి. చాలా బండ్లకు మూత దగ్గర వాననీరు పోయే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. మట్టితో మూసుకుపోతే నీళ్లు నిలిచి నెమ్మదిగా లోపలికి దిగుతాయి.

• కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండి అయితే పెట్రోల్ కాక్, అంటే ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కుళాయి, ఆఫ్ చేయండి.

• కడిగిన బండి పూర్తిగా ఆరాకే కవర్ వేయండి. ప్లాస్టిక్ పట్టా మాత్రం వద్దు.