రూట్‌గా మొదలైన ప్రోగ్రాంని గ్రూప్ పర్మిషన్లతో మామూలు యూజర్ కిందకి దించడం ఎలా?

లినక్స్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తే చాలు మనోళ్ళు సుడో (కమాండ్‌ని రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా నడిపేది) తగిలించేస్తారు, పనైపోతుంది, ఇంక దాని సంగతి ఎవడికీ గుర్తుండదు. ఇంట్లో సరదాకి రాసుకున్నదైతే పర్లేదు గానండీ, నెట్‌కి తగిలించి రాత్రీపగలూ నడిచే ప్రోగ్రాంని అలా రూట్‌గా వదిలేస్తే, అందులో చిన్న బొక్క దొరికినా మెషీన్ మొత్తం వేరేవాడి చేతిలోకి పోద్ది.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. భీమవరం పక్కన రొయ్యల చెరువు, గట్టు మీద షెడ్డులో చిన్న లినక్స్ బోర్డు, దానికి యూఎస్‌బీలో ఆక్సిజన్ సెన్సార్. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, ఏరేటర్లు ఎప్పుడు వేయాలో తెలియాలంటే రీడింగు ఫోన్లో కనపడాలి. అంటే మన ప్రోగ్రాం సెన్సార్ పోర్టు చదవాలి, రీడింగులు ఒక ఫోల్డర్లో రాయాలి, 80 నంబర్ నెట్‌వర్క్ పోర్టులో వెబ్‌పేజీ చూపించాలి. వీటిల్లో రూట్ కావాల్సింది ఆ చివరి దానికొక్కదానికే, ఎందుకంటే 1024 లోపు పోర్టుల్ని కెర్నెల్ (లినక్స్ అసలు కోర్ భాగం) మామూలు యూజర్లకి ఇవ్వదు. మిగతా రెండూ గ్రూపులతోనే అయిపోతాయి.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగక్షరాల్లో రాస్తున్నా, టైప్ చేసేప్పుడు మాత్రం ఎప్పట్లాగే ఇంగ్లీషులో కొట్టండి.

1. ముందు ఏ ప్రాసెస్ ఎవరిదో చూస్కోండి

టెర్మినల్లో ఐడీ అని కొడితే మీ యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూపు నంబరు), మీరున్న గ్రూపులన్నీ వస్తాయి. నడుస్తున్న ప్రోగ్రాం సంగతి కావాలంటే ప్రాక్ డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) పేరుతో ఉన్న ఫోల్డర్లో స్టేటస్ అనే ఫైల్ తెరవండి. అందులో యూఐడీ లైన్లో నాలుగు నంబర్లుంటాయి, వరసగా రియల్ (మొదలుపెట్టినవాడు), ఎఫెక్టివ్ (ఇప్పుడు ఎవరి అధికారంతో నడుస్తుందో), సేవ్డ్ (మళ్ళీ మారడానికి దాచుకున్నది), ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళ దగ్గర చూసేది). జీఐడీ లైనూ అంతే. కింద గ్రూప్స్ అనే లైన్లో అదనపు గ్రూపులుంటాయి, అందరూ మర్చిపోయేది ఈ లైనే.

2. గ్రూపు, యూజరు తయారు చేయండి

గ్రూప్‌యాడ్‌తో చెరువు అనే గ్రూపు, యూజర్‌యాడ్‌తో సెన్సార్ అనే యూజరు (లాగిన్ లేకుండా, సిస్టమ్ యూజర్‌గా). తర్వాత యూజర్‌మాడ్‌తో ఆ యూజర్ని చెరువు గ్రూపులోనూ డయలౌట్ గ్రూపులోనూ కలపండి. డెబియన్, ఉబుంటుల్లో యూఎస్‌బీ సీరియల్ పోర్టు డయలౌట్ గ్రూపుదే, అందుకని దానికి సుడో అక్కర్లేదు. యూజర్‌మాడ్‌కి పెద్ద జీ ఆప్షన్ ఒక్కటే ఇచ్చి చిన్న ఏ ఇవ్వకపోతే పాత గ్రూపులన్నీ ఊడిపోతాయి జాగ్రత్త, మీ సొంత అకౌంటు మీద అలా కొడితే సుడో గ్రూపు కూడా పోయి అప్పుడు తమాషా మొదలవుద్ది.

కలిపాక వెంటనే పని చేయట్లేదని కంగారు పడకండి. ప్రాసెస్‌కి గ్రూపుల లిస్టు లాగిన్ అయ్యేప్పుడు అంటుకుంటుంది, తర్వాత మీరు ఎట్సీలో గ్రూప్ ఫైల్ మార్చినా ఆల్రెడీ నడుస్తున్నవాటికి తెలీదు. లాగౌట్ అయ్యి రండి, సర్వీసైతే రీస్టార్ట్ కొట్టండి.

3. ఫోల్డర్

రీడింగుల ఫోల్డర్ని చెరువు గ్రూపు పేరు మీదకి మార్చి సీహెచ్‌మాడ్ 2770 పెట్టండి. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ అదే గ్రూపుకి పోద్ది. ప్రోగ్రాంలో యూమాస్క్ (కొత్త ఫైళ్ళకి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పేది) 007 పెట్టుకోండి, మామూలుగా ఉండే 022 గ్రూపుకి రైట్ తీసేస్తుంది.

4. అసలు పని, దించడం

ప్రోగ్రాం రూట్‌గా మొదలవుద్ది, 80 పోర్టుని బైండ్ చేస్తుంది (అంటే తన పేరు మీద పట్టుకుంటుంది), అది అయిన మరుక్షణం దిగిపోవాలి. అలా తెరిచిన సాకెట్ (నెట్ కనెక్షన్ కొస) దిగాక కూడా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే 1024 లోపు పోర్టు గొడవ బైండ్ చేసేప్పుడే తేలిపోద్ది, తర్వాత ఎవరూ అడగరు.

దిగేప్పుడు వరస ఇదీ: ముందు ఇనిట్‌గ్రూప్స్ (ఆ యూజర్ గ్రూపుల లిస్టు పెట్టేది), తర్వాత సెట్‌జీఐడీ (మెయిన్ గ్రూపు మార్చేది), ఆఖర్న సెట్‌యూఐడీ (యూజర్ని మార్చేది). ఈ వరస తిరగేస్తే నిచ్చెన తీసేసి అటక మీద సామాను దించుతానన్నట్టే. సెట్‌యూఐడీ కాగానే మీరింక రూట్ కాదు, గ్రూపులు మార్చే హక్కు కూడా దాంతోపాటే పోయింది, అప్పుడు సెట్‌గ్రూప్స్ (గ్రూపుల లిస్టుని నేరుగా మార్చే కాల్) పిలిస్తే ఈపెర్మ్ (అనుమతి లేదు) ఎర్రర్ కొట్టి ఊరుకుంటుంది, మీరు రిటర్న్ వాల్యూ (కాల్ తిరిగిచ్చే నంబరు) చూడకపోతే ప్రోగ్రాం పైకి సెన్సార్ యూజర్లా కనపడుతూ లోపల రూట్ గ్రూపులన్నీ మోసుకు తిరుగుతుంటుంది. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా చెడ్డ కేసు, ఎందుకంటే ఏదీ ఆగిపోదు, ఎవరికీ అనుమానం రాదు.

ఇనిట్‌గ్రూప్స్ బదులు సెట్‌గ్రూప్స్‌కి సున్నా ఇచ్చి లిస్టు మొత్తం ఖాళీ చేయమని చాలాచోట్ల రాస్తారు. అది ఇంకా గట్టి పద్ధతే, కానీ మన కేసులో డయలౌట్ కూడా ఊడిపోద్ది కాబట్టి సెన్సార్ చదవలేం. దిగేముందే సీరియల్ పోర్టు తెరిచేసుకుంటే ఖాళీ చేసినా ఇబ్బంది లేదు, కాకపోతే కేబుల్ ఊడి మళ్ళీ పెడితే తిరిగి తెరవలేరు. గట్టు మీద కేబుల్ ఊడకుండా ఉండదు కదండీ, అందుకే నేనైతే ఇనిట్‌గ్రూప్స్ అంటాను.

సెట్‌ఈయూఐడీ మాత్రం వాడకండి. అది ఎఫెక్టివ్ నంబర్ ఒక్కటే మారుస్తుంది, సేవ్డ్‌లో రూట్ అలాగే కూర్చుంటుంది, ఎవడైనా మళ్ళీ పైకెక్కేయొచ్చు. రూట్‌గా ఉండి పిలిచే సెట్‌యూఐడీ మూడూ మారుస్తుంది, మూడూ పైకి కనపడేలా రాయాలంటే సెట్‌రెస్‌యూఐడీ, సెట్‌రెస్‌జీఐడీ ఉన్నాయి.

ప్రతి కాల్‌కీ రిటర్న్ వాల్యూ చూడండి, సున్నా కాకపోతే అక్కడే ఆపేయండి. అక్కడితో కూడా ఆగకండి: దిగాక కావాలని సెట్‌యూఐడీ సున్నా పిలిచి చూడండి, అది ఫెయిల్ అవ్వాలి, పాసైతే ప్రోగ్రాంని చంపేయండి. ఇది అతి జాగ్రత్త ఏం కాదు. 2000లో లినక్స్ 2.2 కెర్నెల్లో కేపబిలిటీల (రూట్ అధికారాన్ని ముక్కలుగా పంచే ఏర్పాటు) బగ్ బయటపడింది, సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ రూట్ వదిలేశాననుకునేది, నిజానికి వదిలేది కాదు. 2.2.16లో కెర్నెల్నే సరిచేయాల్సొచ్చింది.

ఇంకోటి, గ్రూప్ తీసేస్తే పర్మిషన్ ఎప్పుడూ తగ్గుద్దనుకోకండి. కెర్నెల్ ముందు ఓనరా అని చూస్తుంది, కాకపోతే గ్రూపా అని, అదీ కాకపోతే అప్పుడు మిగతావాళ్ళు, ముందు ఏది కలిస్తే అదే ఫైనల్. 604 (గ్రూపుకి ఏమీ లేదు, మిగతావాళ్ళకి చదవడం) పెట్టిన ఫైల్ని ఆ గ్రూపులో ఉన్నోడు చదవలేడు, బయటోడు చదువుతాడు! ఆ గ్రూపులోంచి బయటపడితే చదవగలిగాడన్నమాట. యూజర్ నేమ్‌స్పేస్‌ల్లో (మామూలు యూజర్ కూడా లోపల మాత్రం రూట్‌గా ఉండే విడి గదుల్లాంటివి) సెట్‌గ్రూప్స్‌ని అడ్డుకునే ఏర్పాటు 3.19 కెర్నెల్లో పెట్టింది ఈ తిరకాసు వల్లే.

5. పిల్ల ప్రాసెస్‌లు, వాటి గ్రూపు

మన ప్రోగ్రాం సెన్సార్ చదవడానికి ఒక పిల్లని, మెసేజ్ పంపడానికి ఒక పిల్లని ఫోర్క్ చేసిందనుకోండి (అంటే తన కాపీని కొత్త ప్రాసెస్‌గా పుట్టించడం), అన్నిటినీ ఒకేసారి ఆపడానికి ప్రాసెస్ గ్రూప్ (ఒకే నంబరు కింద ఉండే ప్రాసెస్‌ల గుంపు) కావాలి. ఇప్పటిదాకా చెప్పిన జీఐడీకీ దీనికీ చుట్టరికం లేదు, దీని నంబరు పీజీఐడీ. ఫోర్క్ అవ్వగానే సెట్‌పీజీఐడీని (పిల్లని ఏ గుంపులో పెట్టాలో చెప్పే కాల్) తల్లిలోనూ పిల్లలోనూ రెండుచోట్లా పిలవండి, ఎవరు ముందు నడుస్తారో చెప్పలేం కాబట్టి. పిల్ల ఎగ్జెక్ (వేరే ప్రోగ్రాంగా మారిపోవడం) అయిపోయాక తల్లి పిలిస్తే ఈయాక్సెస్ ఎర్రర్ వస్తుంది, అప్పటికి పిల్లే చేసేసుకుని ఉంటది కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. సెషన్ లీడర్ (ఒక సెషన్‌ని మొదలుపెట్టిన ప్రాసెస్) మీద పిలిస్తే ఈపెర్మ్.

ఆపడానికి కిల్ కాల్‌కి పీజీఐడీని మైనస్ గుర్తుతో ఇవ్వాలి. వేరియబుల్‌లో పొరపాటున 1 ఉంటే అది మైనస్ 1 అయిపోయి, ఇనిట్ (1 నంబర్ ప్రాసెస్) తప్ప మీకు అధికారం ఉన్న ప్రతి ప్రాసెస్‌కీ సిగ్నల్ పోద్ది, రూట్‌గా ఉంటే బోర్డు మీద ఏదీ మిగలదు. 1 కన్నా పెద్దదేనా అని చూసి పంపండి.

సిగ్నల్ పంపే పర్మిషన్‌లో జీఐడీ లెక్కలోకే రాదు. పంపేవాడి రియల్ లేదా ఎఫెక్టివ్ యూఐడీ, అందుకునేవాడి రియల్ లేదా సేవ్డ్ యూఐడీతో కలవాలి. అందుకే దిగకముందు ఫోర్క్ చేసిన పిల్ల రూట్‌గానే ఉండిపోతే, దిగిన తల్లి దాన్ని ఆపలేదు. పైగా గ్రూపులో ఒక్కరికి సిగ్నల్ చేరినా కిల్ సక్సెస్ అనే చెప్తుంది, ఆ రూట్ పిల్ల మాత్రం చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ముందు దిగండి, తర్వాత ఫోర్క్ చేయండి.

6. ఇదంతా రాసే ఓపిక లేకపోతే

పైథాన్ 3.9 నుంచి సబ్‌ప్రాసెస్‌ (వేరే ప్రోగ్రాంని నడిపే మాడ్యూల్) లోనే యూజర్, గ్రూప్, ఎక్స్‌ట్రా గ్రూప్స్ ఇచ్చేయొచ్చు, వరస అదే చూస్కుంటుంది. బోర్డులో సిస్టమ్‌డీ (సర్వీసుల్ని మొదలెట్టి నడిపేది) ఉంటే ఇంకా సులువు, సర్వీస్ ఫైల్లో యూజర్ సెన్సార్, సప్లిమెంటరీ గ్రూప్స్‌లో చెరువు, డయలౌట్ రాసి, 80 పోర్టు కోసం యాంబియంట్ కేపబిలిటీస్‌లో క్యాప్ నెట్ బైండ్ సర్వీస్ (1024 లోపు పోర్టు పట్టుకునే హక్కు) ఒక్కటి ఇస్తే ప్రోగ్రాం ఎప్పుడూ రూట్ అవ్వనే అవ్వదు. అలా పెట్టినా సరే, రీస్టార్ట్ కొట్టాక ఒకటో స్టెప్‌లో చెప్పిన స్టేటస్ ఫైల్ తెరిచి గ్రూప్స్ లైన్ చూడండి, అక్కడ చెరువు, డయలౌట్ నంబర్లు, సెన్సార్ యూజర్ సొంత గ్రూపు ఉంటే ఉండొచ్చు, అవి కాక ఇంకేం కనపడినా సర్వీస్ ఫైల్ మళ్ళీ చదువుకోండి.