ఇంటి కాగితాలకు ట్యాగులు – మూడో పాఠం: ఖజణా ఎక్కడ, శిస్తు ఎక్కడ

కిందటి పాఠంలో చెప్పిన పని అయిందనుకుంటాను. ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ బయటికి తీసి, ఒక్కోదానికి ఫోనులో ఫోటో తీసి, మీకు తోచిన రెండు మూడు మాటలు దానికి ట్యాగులుగా రాయమన్నాను. ఈ వారం ఆ మాటలనే సరిచూసుకుందాం. ట్యాగు పెట్టడానికి నిమిషం చాలు. ఆరు నెలలు పోయాక ఆ కాగితం మళ్లీ చేతికి వస్తుందా రాదా అన్నది మాత్రం ఇవాళ మీరు ఏ మాట రాశారన్న దాన్ని బట్టే ఉంటుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. నాన్న పోయాక భూమి భాగాలు వేసుకునే వేళ పాత శిస్తు రసీదు ఒకటి కావలసివచ్చింది. దాని ఫోటో ఉందని అందరికీ తెలుసు, తీసింది తమ్ముడు. అమ్మ దగ్గరున్న ఫోనులో 'శిస్తు' అని కొట్టి వెతికాను, రాలేదు. 'రసీదు' అని కొట్టాను, అదీ రాలేదు. 'ఏటమ్మా, దొరికిందా?' అని చిన్నాన్న పూటకోసారి అడిగేవారు. మూడో రోజు తమ్ముడు రాయగడ నుంచి వచ్చి, ఫోను తీసుకుని అర నిమిషంలో చూపించాడు. వాడు ఒడియా బడిలో చదివినవాడు. ఒడియా లిపిలో 'ఖజణా' అని పేరు పెట్టాడు. ఇక్కడి ఆఫీసుల్లో శిస్తును ఖజణా అనే అంటారు. ఆ మాట నేను రోజూ వినేదే. కానీ వెతికే తొందరలో నా వేలికి వచ్చింది నాన్న నోట విన్న మాట.

తమ్ముడు పెట్టిన పేరులో తప్పులేదు, నేను వెతికిన మాటలోనూ తప్పులేదు. ఆ రెండింటికీ ముడి వేసినవాళ్లు లేరు, అంతే. ఫోనులో మామూలు వెతుకులాట అర్థం జోలికి పోదు, అక్షరాలను పోల్చి చూస్తుంది. ఫోను ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది: ఒడియా 'శ'కి ఒక సంఖ్య, తెలుగు 'శ'కి వేరే సంఖ్య. మన చెవికి ఒకటే ధ్వని, యంత్రానికి రెండూ సంబంధం లేని గుర్తులు.

సరిహద్దు ఊళ్లలో ఈ చిక్కు అడుగడుగునా ఉంది. ఊరి పేరే చూడండి. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారలాఖెముండి. బరంపురానిదీ అదే కథ, బోర్డుల మీద బ్రహ్మపూర్. జిల్లా సంగతి ఇంకా తిరకాసు. మా తాత పుట్టేనాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, జిల్లా పేరు గంజామే. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడిగా ఏర్పడింది. ఊరు అంగుళం కదల్లేదు, కాగితం మీద జిల్లా మారిపోయింది. అందుకని నా మాట వినండి: జిల్లా పేరును ట్యాగుగా పెట్టుకోకండి. ఊరి పేరు పెట్టండి.

ఒకే మాటకు రెండు అర్థాలుండడం ఇంకో చిక్కు. ఒడిశాలో పట్టా అంటే భూమి హక్కుల రికార్డు, ఖాతా నంబరు, ప్లాటు నంబరు అందులోనే ఉంటాయి. నది దాటి ఆంధ్రలో పాతపట్నం వైపు పొలం ఉన్నవాళ్లకు అక్కడిది పట్టాదారు పాసు పుస్తకం. ఇళ్ల స్థలానికి ఇచ్చిన కాగితాన్నీ అక్కడ పట్టా అనే అంటారు. అంచేత 'పట్టా' ఒక్కటే రాస్తే సరిపోదు, పక్కన ఊరు తప్పనిసరి.

ఇక మన తెలుగుతోనే వచ్చే ఇబ్బంది. 'రసీదు' అని కొందరు, 'రశీదు' అని కొందరు రాస్తారు. 'ఇల్లు' అని వెతికితే 'ఇంటిపన్ను' రాదు, 'ఇళ్లు' రాదు, 'ఇళ్ళు' అసలే రాదు. ట్యాగును ఎప్పుడూ విభక్తి లేకుండా, ఏకవచనంలో రాయండి. 'పర్లాకిమిడిలో భూములు' వద్దు. 'భూమి' ఒక ట్యాగు, 'పర్లాకిమిడి' ఇంకో ట్యాగు.

ఎన్ని ట్యాగులు పెట్టాలని మీలో చాలామందికి సందేహం ఉంటుంది. దీనికి నేను గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారిని తలచుకుంటాను. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత తీసుకున్నారు, పుస్తకాలను విషయాన్ని బట్టి అమర్చే కోలన్ వర్గీకరణను 1933లో ప్రచురించారు. ఏ విషయానికైనా ఉండే ముఖాలు, అంటే దాన్ని చూడగల కోణాలు, ఐదు రకాలన్నది దాని మూలసూత్రంగా స్థిరపడింది. కాలం, స్థలం అందులో రెండు. అల్మారాలో పుస్తకం ఒక్క చోటే నిలబడుతుంది, పాఠకుడు మాత్రం ఏ ముఖం వైపు నుంచైనా దాన్ని వెతుక్కుంటూ రావచ్చు. 'పాఠకుడి సమయం ఆదా చెయ్యి' అన్నది గ్రంథాలయ శాస్త్రానికి 1931లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఆ ముఖాల పద్ధతిని ఇంటికి తగ్గట్టు మలుచుకుంటే ఇలా అడగొచ్చు: ఏ కాగితం, ఎవరిది, ఎందుకు పనికొస్తుంది, ఏ ఊరు, ఏ సంవత్సరం. 'పట్టా, నాన్న, భాగపంపకం, పర్లాకిమిడి, 1998'. ఐదు చాలు. 'ముఖ్యం' అన్న ట్యాగు మాత్రం తీసేయండి. మా ఇంట్లో సగానికి పైగా కాగితాలకు అదే ఉండేది, దాంతో అది దేన్నీ వేరుచేసి చూపించలేకపోయింది.

ఇప్పుడు ముడి వేద్దాం. ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. ఎడమవైపు ఇంట్లో ఎవరైనా అనగల మాటలన్నీ, కుడివైపు మీరు ఖాయం చేసుకున్న ఒక్క మాట. 'శిస్తు – ఖజణా చూడు', 'రశీదు – రసీదు చూడు'. గ్రంథాలయాల కార్డుల్లో 'చూడుము' అని ఉండేది ఇదే. ఏ మాట ఖాయం చెయ్యాలంటే, ఆ కాగితం అడిగేవాళ్లు ఏ మాటతో అడుగుతారో అది. శిస్తు మాట మీద నాకెంత మమకారం ఉన్నా, మేం 'ఖజణా'నే ఖాయం చేశాం. పదేపదే కావలసివచ్చే కాగితాలకు మాత్రం రెండు మాటలూ, రెండు లిపుల్లోనూ రాయండి. ట్రంకు పెట్టెలో ఒక కాగితం రెండు చోట్ల ఉండలేదు, ట్యాగుకు ఆ అడ్డు లేదు.

వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే చాట్‌లో ఫోటో పెట్టి, దాని కింద ఈ మాటలు రాసినా వెతికితే దొరుకుతుంది. ఆధార్ వంటివి బంధువుల గ్రూపులో మాత్రం పెట్టకండి.

ఈ వారం అభ్యాసం. పది కాగితాలు ఎంచుకుని, ఫోను ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. కాగితం పేరు చెప్పకుండా, 'నాన్న పొలానికి డబ్బు కట్టినప్పుడు ఇచ్చింది' అన్నట్టు వర్ణించండి. వాళ్లు మొదట ఏ మాట కొట్టారో రాసుకోండి. దొరక్కపోతే సాయం చెయ్యకండి, ఆ మాట పట్టీలోకి ఎక్కించండి. నాలుగో పాఠంలో పెళ్లి ఫోటోలు, వాటిలో పేరు తెలియని మనుషులు.

నేను ఈ అభ్యాసం అమ్మతో చేశాను. ఆవిడ కొట్టలేదు, నోటితో చెప్పింది: 'పచ్చ కాయితం'. ఆ రసీదు రంగు అది. ఇప్పుడు మా పట్టీలో ఆఖరి వరుస ఇలా ఉంది: పచ్చ కాయితం – ఖజణా చూడు.