అన్నవాహికలో అరుదైన గడ్డ అంటే ముందు ఏం చేయాలి

ముద్ద గొంతు దిగాక రొమ్ము వెనక ఆగినట్టుంటే, మొదట అన్నం తర్వాత గంజి కూడా కష్టమైతే, గ్యాస్ మాత్రలతో నెలలు గడపకండి, ఎండోస్కోపీ చేయించుకోండి. అన్నవాహిక క్యాన్సర్లలో దాదాపు అన్నీ స్క్వేమస్ (లోపలి పైపొర కణాల్లోంచి వచ్చేది), అడినో (గ్రంథి కణాల్లోంచి వచ్చేది) రకాలే. ఇక్కడ చెప్పేది ఆ రెండూ కానివాటి గురించి.

రిపోర్టులో పైపొర నున్నగా ఉండి లోపల్నుంచి ఉబ్బింది, 'సబ్‌మ్యుకోసల్' అని రాస్తే, అప్పటికప్పుడే ముక్క తీయమని డాక్టర్ని తొందరపెట్టకండి. మామూలు బయాప్సీ ఫోర్సెప్స్ పైపొరనే గిల్లుతుంది, గడ్డ దాకా చాలాసార్లు పోదు. పైగా అక్కడ మచ్చకట్టి పొర గడ్డకు అతుక్కుంటే, తర్వాత గడ్డను ఒలిచి తీసేటప్పుడు పొర చిరగొచ్చు. ముందు ఈయూఎస్ చేయించండి. ఎండోస్కోప్ కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది, గడ్డ ఏ పొరలో పుట్టిందో దాంతో తెలుస్తుంది. కండరం పొరలోంచి వస్తే ఎక్కువగా లైయోమయోమా, అది క్యాన్సర్ కాదు. కానీ జిస్ట్ (క్యాన్సర్‌లా ప్రవర్తించగల ఇంకో రకం గడ్డ) కూడా అక్కడే పుడుతుంది, స్కాన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పెద్దదైనా, పెరుగుతున్నా, అనుమానంగా ఉన్నా ఈయూఎస్ సూదితో శాంపిల్ తీస్తారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఐహెచ్‌సీ, అంటే గడ్డ కణాల్లో ఏ ప్రొటీన్లు ఉన్నాయో రంగులు వేసి చూసే పరీక్ష. 'స్పిండిల్ సెల్ ట్యూమర్' (సన్నగా పొడవాటి కణాల గడ్డ) అని రాసి వదిలేసిన రిపోర్టు మీద ఆపరేషన్‌కు ఒప్పుకోకండి, ఆ మాట కింద మూడు నాలుగు జబ్బులుంటాయి. సీడీ117, డాగ్1 అనే ప్రొటీన్లు పాజిటివ్ అయితే జిస్ట్. డెస్మిన్, ఎస్‌ఎంఏ ఉండి ఆ రెండూ లేకపోతే లైయోమయోమా. ఎస్100 ఒక్కటే చూసి తేల్చకూడదు, ష్వానోమా (నరం తొడుగులో గడ్డ), గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ (ఎక్కువగా క్యాన్సర్ కాని గడ్డ), మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) మూడింటిలోనూ అది వస్తుంది. మెలనోమాకు హెచ్‌ఎంబీ45, మెలాన్-ఎ కూడా చూస్తారు, అదని తేలితే చర్మం, కళ్లు కూడా పరీక్షించి అసలు ఎక్కడ మొదలైందో వెతకాలి. శాంపిల్ ఉంచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు ల్యాబ్ నుంచి తీసుకుని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ఇంకో పాథాలజిస్టుకు చూపించండి. ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

గడ్డ పేరును బట్టి ట్రీట్‌మెంట్ మారిపోతుంది. చిన్న లైయోమయోమా, ఇబ్బంది లేదు అంటే తీయక్కర్లేదు, అప్పుడప్పుడు చూసుకుంటే చాలు. ఇబ్బంది పెడితే ఎండోస్కోపీతో పొర కింద సొరంగంలా చేసి తీసే స్టెర్ పద్ధతి ఉంది, పెద్దవైతే ఛాతీలో చిన్న రంధ్రాలు పెట్టి ఒలిచి తీస్తారు. పెద్ద జిస్ట్‌కు ముందు ఇమాటినిబ్ అనే మందు ఇచ్చి చిన్నదయ్యాక ఆపరేషన్ చేయొచ్చు, కానీ మందు మొదలుపెట్టే ముందే మ్యుటేషన్ టెస్ట్ అడగండి, ఎందుకంటే గడ్డలో పీడీజీఎఫ్‌ఆర్‌ఏ డీ842వీ అనే జన్యు మార్పు ఉన్నవాళ్లకు ఆ మందు పనిచేయదు. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: గ్లివెక్ (ఇమాటినిబ్ బ్రాండ్ పేరు) పేటెంట్‌ను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించింది, హైదరాబాద్ నాట్కో సహా చాలా కంపెనీల జెనరిక్ దొరుకుతుంది.

స్మాల్ సెల్ క్యాన్సర్ వేరే సంగతి. అది తొందరగా పాకుతుంది, కాబట్టి కేవలం కోసి తీస్తే సరిపోదు, ఎక్కడికి పాకిందో చూసే పెట్ సీటీ స్కాన్ చేసి సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌తో ఎటొపొసైడ్ అనే కీమో మందులు, ఛాతీ వరకే ఉంటే రేడియేషన్ కూడా ఇస్తారు.

దగ్గినప్పుడు కండలాంటిది నోట్లోకి వచ్చి మళ్లీ లోపలికి పోతే అది కాడ ఉన్న పెద్ద పాలిప్ కావచ్చు, ఊపిరి అడ్డుకోగలదు, వెంటనే వెళ్లండి. తీశాక ఎండీఎం2 అనే జన్యువు టెస్ట్ అడగండి, ఇలాంటివి కొన్ని లైపోసార్కోమా (కొవ్వు కణాల క్యాన్సర్) అని తేలుతున్నాయి.

రిపోర్టుల కోసం ఎదురుచూసే రోజుల్లో బరువు తగ్గనివ్వకండి, పాలు, జావ, పలుచని పప్పు దిగకపోతే ముక్కు ద్వారా ట్యూబ్ వేయించండి. నీళ్లు కూడా దిగకపోయినా, రక్తం వాంతి అయినా, మలం నల్లగా తారులా వచ్చినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.