ఇంగ్లండ్ పాత తోటలు: ముందు పువ్వు, తర్వాత తేదీ

విమానం టికెట్ కొనకముందే ఏ పువ్వు కోసం వెళ్తున్నారో తేల్చుకోండి. అక్కడ నెల మారితే తోటే మారిపోతుంది. ట్యూలిప్‌లకు ఏప్రిల్ నెలాఖరు, గులాబీలకు జూన్, డేలియాలకు ఆగస్టు, సెప్టెంబరు, రంగు తిరిగిన ఆకులకు అక్టోబరు రెండో సగం. చలి వదలడం ఆలస్యమైతే పూత వారం పది రోజులు వెనక్కి పోతుంది.

కెంట్‌లోని సిస్సింగ్‌హర్స్ట్‌నే తీసుకోండి. 1930లో శిథిలావస్థలో ఉన్న ఈ చోటును రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, దౌత్యవేత్త హెరాల్డ్ నికల్సన్ దంపతులు కొని తోటగా మలిచారు. గులాబీ తోటలోని పాతకాలపు రకాల్లో చాలావరకు ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో పూస్తాయి. తెల్ల పూల కోసమే వేసిన తెల్ల తోట నడుమ పందిరికెక్కిన తీగ గులాబీ మాత్రం జులై మొదట్లో విచ్చుకుంటుంది. రెండూ చూడాలనుకుంటే జూన్ ఆఖరి వారం మీద ఆశ పెట్టుకోవచ్చు. లోపలికి వెళ్లగానే ముందు బురుజు ఎక్కండి. తోటను గదులుగా విడదీసిన ఆకుగోడలు పైనుంచి పటం గీసినట్టు కనిపిస్తాయి, కింద తిరిగేటప్పుడు దారి తప్పరు. తెల్ల తోటను చివరికి ఉంచుకోండి. ఎండ నెత్తిన ఉన్నప్పుడు తెలుపు వెలవెలబోతుంది. వెలుగు తగ్గేకొద్దీ బూడిద రంగు ఆకుల మధ్య అవే పువ్వులు దీపాల్లా తేలతాయి.

రోజుకు ఒక్క తోట చాలు. గ్లోస్టర్‌షైర్‌లో పక్కపక్కనే ఉన్న హిడ్‌కోట్, కిఫ్ట్స్‌గేట్ లాంటి జంటకే మినహాయింపు. అయితే కిఫ్ట్స్‌గేట్ రోజూ తెరవదు కాబట్టి ముందు దాని క్యాలెండర్ చూసి, ఆ తర్వాతే హిడ్‌కోట్ రోజు ఖాయం చేయండి. పాత భవనాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ సభ్యత్వం హిడ్‌కోట్‌కు పనికొస్తుంది, కిఫ్ట్స్‌గేట్‌కు విడిగా టికెట్ కొనాలి. సస్సెక్స్‌లోని గ్రేట్ డిక్స్‌టర్‌కు సోమవారం సెలవు, ఆ రోజు బ్యాంక్ హాలిడే (దేశమంతా ఇచ్చే సాధారణ సెలవు) అయితే తప్ప. ఏ తోటకైనా మూసే వేళ ఒకటి, ఆఖరి ప్రవేశం వేళ ఇంకొకటి. గేటు దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండో దానితోనే.

విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్‌లో నడిచే దిశ ముఖ్యం. 18వ శతాబ్దంలో దీని యజమాని, బ్యాంకరు రెండో హెన్రీ హోర్ ఇక్కడి చెరువునూ దాని చుట్టూ ప్రాచీన గ్రీకు, రోమన్ తరహా గుళ్లనూ వరసగా, బొమ్మ తర్వాత బొమ్మలా కనపడేలా అమర్చాడు. చెరువును ఎడమచేతి వైపు ఉంచుకుని, గడియారం ముల్లుకు ఎదురుదిశలో చుట్టి రండి. తిరగేసి నడిస్తే ఒక్కొక్కటీ ముందే బయటపడి ఆ వరస చెడిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 18వ శతాబ్దపు తోటల రూపశిల్పి విలియం కెంట్ తీర్చిదిద్దిన రౌషమ్‌లో టీ కొట్టు లేదు, దుకాణం లేదు. 15 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. ప్రశాంతత కోరుకునేవాళ్లు మొదట చూడాల్సిన తోట మా లెక్కలో ఇదే.

పల్లెల్లో బస్సులు తక్కువ, ఆదివారాలైతే మరీ. రైలు దిగాక ట్యాక్సీ కోసం వెతుక్కోకుండా, రానూపోనూ రెండు వైపులకూ ముందురోజే మాట్లాడుకోండి. పెద్ద పెట్టెలు బసలోనే వదిలేయండి. గొడుగు కంటే వానకోటు నయం, ఇరుకు దారుల్లో గొడుగు చువ్వలు పూలకొమ్మలకు తగిలి రేకులు రాలిపోతాయి.