తరగతి గది దాటి చేయదగిన పనులు: విజయవాడ, గుంటూరు కాలేజీ విద్యార్థులకు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఇంటర్మీడియట్ చదివినవారిలో చాలామందికి ఆ రెండేళ్లు స్టడీ అవర్లకూ వారాంతపు పరీక్షలకూ సరిపోతాయి. ఆటల పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది, ఆడుకోవడానికి గ్రౌండ్ మాత్రం ఉండదు. అలా వచ్చినవారికి డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరిన మొదటి నెలలోనే క్లబ్బుల పేర్లు, ఎన్‌ఎస్‌ఎస్ నోటీసులు, ఫెస్టుల పోస్టర్లు, సీనియర్ల వాట్సాప్ సందేశాలు ఒక్కసారిగా ఎదురవుతాయి. కొందరు అన్నింటిలోనూ పేరిచ్చి దసరా సెలవుల నాటికి అన్నింటినీ వదిలేస్తారు. ఇంకొందరు ఇవన్నీ మనకెందుకులే అనుకుని, ఆఖరి సంవత్సరం ఇంటర్వ్యూలో ‘చదువు కాక ఇంకేం చేశారు’ అని అడిగే దాకా ఆ ఊసే తలపెట్టరు. ఏదో ఒక పనిని ఎంచుకుని, దానితో కనీసం రెండేళ్లు నిలకడగా ఉండాలనుకునేవారి కోసం ఈ వ్యాసం.

ఆసక్తి సంగతి తరువాత చూడవచ్చు. ముందుగా వారంలో నిజంగా ఎన్ని గంటలు చేతిలో ఉన్నాయో లెక్క వేసుకోవాలి. తెనాలి నుంచో, మంగళగిరి నుంచో, సత్తెనపల్లి నుంచో కాలేజీ బస్సులో వచ్చే డేస్కాలర్లకు చివరి గంట కొట్టగానే బస్సు కదులుతుంది. క్లబ్బుల సమావేశాలేమో సరిగ్గా ఆ వేళకే మొదలవుతాయి. రోజూ బస్సు వదులుకోవడం ఎవరికీ సాధ్యపడదు కనుక, వారంలో ఒక రోజును ముందే నిర్ణయించుకుని, ఆ రోజు ఆర్టీసీ బస్సులో ఆలస్యంగా వస్తామని ఇంట్లో ఒప్పించుకోవాలి, లేదా భోజన విరామంలోనో ఆదివారం ఉదయమో జరిగే పనిని ఎంచుకోవాలి. హాస్టల్లో ఉండేవారి చిక్కు వేరు: అవుట్‌పాస్, వార్డెన్ సంతకం, అమ్మాయిల హాస్టళ్లలోనైతే తిరిగి చేరవలసిన వేళ. కార్యక్రమం ఎక్కడ, ఎవరి ఆధ్వర్యంలో, ఎన్ని గంటలకు ముగుస్తుంది, వెంట వచ్చే అధ్యాపకులెవరు అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసి, కోఆర్డినేటర్ సంతకం పెట్టించి రెండు రోజుల ముందే ఇస్తే, అప్పటికప్పుడు అడిగితే దొరకని అనుమతి చాలాసార్లు దొరుకుతుంది. తల్లిదండ్రులకూ ఆ కాగితం ఫొటో పంపడం మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, అనువైన చోటు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఈ పథకంలో వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఒకసారి పాల్గొనాలి. 120 గంటలు అనగానే బెదరనక్కరలేదు. సగటున వారానికి రెండున్నర గంటలు దాటదు. చేరడానికి ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా ఉన్న అధ్యాపకులను కలవాలి. కలిసినప్పుడు సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడిగేకంటే, దత్తత గ్రామం ఏది, పోయిన శిబిరంలో ఏం చేశారు, అక్కడ ఇంకా మిగిలిపోయిన పని ఏమిటి అని అడగండి. ఆ జవాబులను బట్టే ఆ యూనిట్ నిజంగా నడుస్తున్నదో, గాంధీ జయంతి నాడు చీపుళ్లు పట్టుకుని ఫొటో దిగడంతో సరిపెడుతున్నదో తెలిసిపోతుంది. రెండో రకమే అయినా వెనుదిరగకండి. పని చేసే నలుగురు దొరికితే యూనిట్ తీరు మారుతుంది. చాలామంది ప్రోగ్రామ్ ఆఫీసర్లు అలాంటి నలుగురి కోసమే చూస్తుంటారు.

ఎన్‌సీసీకి గడువు ముఖ్యం. ‘బి’ సర్టిఫికెట్‌కు రెండేళ్లు, ‘సి’ సర్టిఫికెట్‌కు మూడేళ్లు పడుతుంది కనుక మొదటి సంవత్సరం ఎంపికల్లో చేరకపోతే ‘సి’ దాకా వెళ్లడం దాదాపు కుదరదు. చేరాక పరేడ్ హాజరు, వార్షిక శిక్షణ శిబిరం తప్పవు. సైన్యంలో అధికారిగా చేరాలనుకునేవారికి ఈ శ్రమ వృథా పోదు: డిగ్రీలో 50 శాతం మార్కులు, ‘సి’ సర్టిఫికెట్ పరీక్షలో కనీసం ‘బి’ గ్రేడు ఉన్నవారు ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం కింద రాతపరీక్ష లేకుండా, సైన్యాధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ రెండింటినీ ఒకేసారి మోయాలని మాత్రం చూడకండి.

డిగ్రీ విద్యార్థులకు మరొక పని ఎలాగూ తప్పదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో సవరించిన పాఠ్యప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. రెండో సెమిస్టర్ ముగిశాక వేసవి సెలవుల్లో 180 గంటలు ఒక గ్రామంలోనో వాడలోనో పనిచేసి, లాగ్‌బుక్ నింపి, నివేదిక ఇవ్వాలి. సీనియర్ల పాత నివేదికలో ఊరి పేరు మార్చి బైండింగ్ చేయించేవారు ఉంటారు. మార్కులు వారికీ వస్తాయి. అయితే ఒక వాడను దగ్గరగా చూసేందుకు చదువులో భాగంగానే 180 గంటలు దొరకడం మళ్లీ జరగదు కనుక, ఈ ప్రాజెక్టును సరిగ్గా చేయడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా, ఇంటికి గానీ హాస్టల్‌కు గానీ నడిచి వెళ్లగలిగిన చోటునే ఎంచుకోండి. దూరమైతే రెండో వారానికి వెళ్లబుద్ధి కాదు. ఆ ప్రాంతపు వార్డు సచివాలయానికి కాలేజీ లేఖతో వెళ్లి, ఏం చేయబోతున్నారో చెప్పాలి. తరువాత అంగన్‌వాడీ టీచరునూ ఆశా కార్యకర్తనూ కలవాలి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ సందులో నీళ్లు రావో వారికి తెలిసినంతగా రికార్డులకు తెలియదు. సర్వేకు వెళ్లే వేళను అక్కడివారి పనివేళలను బట్టి నిర్ణయించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ పనికి పోయేవారి ఇళ్లకో, గుంటూరు మిర్చి యార్డులో హమాలీ పని చేసేవారి ఇళ్లకో పగలు పదకొండు గంటలకు ఫారాలు పట్టుకుని వెళ్తే తాళాలూ ముసలివారూ తప్ప ఎవరూ కనిపించరు. పైగా అది మే నెల; ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు దాటాక తప్ప తిరగడం ఆరోగ్యానికి మంచిది కాదు. మొగల్రాజపురం, చిట్టినగర్ వైపు కొండ మీది ఇళ్లకు మెట్లెక్కి వెళ్లవలసి వస్తే నీళ్ల సీసా, టోపీ మరచిపోకండి.

ఫారంలో మొదటి ప్రశ్నగా ఆదాయం అడగవద్దు. ఆదాయం అడిగితే రేషన్ కార్డు తీసేస్తారేమోనన్న అనుమానం వస్తుంది, ఆ తరువాత చెప్పేవన్నీ జాగ్రత్తగా తూచి చెబుతారు. నీళ్లు ఎన్నింటికి వస్తాయి, పిల్లలు ఏ బడికి వెళ్తారు, వాన పడితే ఎక్కడ నిలుస్తుంది వంటి ప్రశ్నలతో మొదలుపెడితే మాట సాగుతుంది. పది ఇళ్లు తిరిగేసరికి ఒకటి రెండు ఇబ్బందులు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మీ సబ్జెక్టుతో ముడిపడిన ఇబ్బందిని పట్టుకోండి. కామర్స్ విద్యార్థులు పొదుపు సంఘం లెక్కల పుస్తకం రాయడంలో సాయపడవచ్చు, కెమిస్ట్రీ విద్యార్థులు బోరు నీటి కాఠిన్యతను కాలేజీ ల్యాబులో పరీక్షించి ఫలితం తెలుగులో రాసి ఇవ్వవచ్చు, కంప్యూటర్ విద్యార్థులు ఆధార్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడంలో తోడుండవచ్చు. దరఖాస్తులు నింపేటప్పుడు మాత్రం ఎవరి ఓటీపీనీ, ఆధార్ ఫొటోనూ మీ ఫోనులో ఉంచుకోవద్దు. లాగ్‌బుక్‌ను ఏ రోజుకారోజు రాయాలి. నెలాఖరున కూర్చుని రాస్తే అది చదివేవారికి అబద్ధంలా అనిపిస్తుంది, వైవాలో మెంటర్ వేసే రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

మాట్లాడడానికి మొహమాటపడేవారికి, గుంపుల్లో ఇమడలేనివారికి నేను ముందుగా సూచించేది స్క్రైబ్ పని. చూపు లేని విద్యార్థులకు పరీక్షల్లో రాసిపెట్టేవారు ఎప్పుడూ తక్కువే. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ విద్యార్హత అభ్యర్థి అర్హతకంటే ఒక మెట్టు తక్కువగా ఉండాల్సి వచ్చేది; ఆ తరువాత నియమాలు మారాయి కనుక, ఇప్పుడు ఎవరు రాయవచ్చో ముందే అడిగి తెలుసుకోండి. అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు సాగుతుందని ముందే అనుకోవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు, ప్రశ్న అడిగినన్నిసార్లు విసుక్కోకుండా చదవాలి. పరీక్షకు వారం ముందు ఒకసారి కలిసి, ఆ విద్యార్థి చెప్పే వేగానికి మీ చేతిని అలవాటు చేసుకోవడం అవసరం. వస్తానని ఒప్పుకుని ఆఖరి రోజున రాకపోతే ఎదుటివారి సెమిస్టర్ పోతుంది. ఆ పూచీ మోయగలమనుకున్నప్పుడే పేరివ్వాలి.

పుస్తకాల మీద ఇష్టమున్నవారికి ఈ ప్రాంతంలో పనికి కొదవ లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న పుట్టింది బెజవాడలోనే. బెజవాడ రామమోహన గ్రంథాలయం అంతకు మూడేళ్లు పెద్దది. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం సంగతి పాత పుస్తకాలు వెతికేవారికి చెప్పనక్కరలేదు. పాత పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, పిల్లలకు ఆదివారం కథలు చదివి వినిపించడం వంటి పనులు చేస్తామంటే కాదనే గ్రంథాలయం ఉండదు. జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవంలో స్టాళ్లకు చేతి సాయం కావాలి. డిసెంబరులోనే వెళ్లి అడగాలి. నాటకం మీద మనసున్నవారికి ఈ రెండు జిల్లాల నాటక పరిషత్తులున్నాయి. వేషం దొరకలేదని అలగకుండా తెర వెనుక లైటింగ్, సెట్టింగు, ప్రాంప్టింగ్ నేర్చుకుంటే మరుసటి ఏడాది వేషం అదే వస్తుంది, రాకపోయినా తెర వెనుక పని తెలిసిన మనిషిగా పిలుపు వస్తుంది.

దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్ల దగ్గర, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, మంచినీళ్లు అందించడానికీ, వృద్ధులకు దారి చూపడానికీ, తప్పిపోయిన పిల్లలను సమాచార కేంద్రానికి చేర్చడానికీ చాలా చేతులు కావాలి. విడిగా కొండ దగ్గరికి వెళ్లి అడిగేకంటే కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్ యూనిట్ల ద్వారా ముందే పేరివ్వడం మేలు. మెత్తని చెప్పులు, కాలేజీ గుర్తింపు కార్డు, ఫోనుకు పూర్తి చార్జింగ్ ఉండాలి. షిఫ్టు మధ్యలో స్నేహితులతో కలిసి ముందుగా దర్శనానికి దూరిపోతే మీ కాలేజీని మళ్లీ పిలవరు.

ఆపద వేళ చేసే సేవ గురించి వేరుగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు, సాయం చేయాలని విద్యార్థులకు అనిపించడం సహజం. అలాంటప్పుడు శిక్షణ లేకుండా నీటిలోకి దిగకూడదు. ఈత వచ్చినా సరే. మ్యాన్‌హోలు ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడ తెగిపడిందో బురద నీటిలో తెలియదు. విద్యార్థుల చేతికి తగిన పనులు ఒడ్డున ఉంటాయి: ఆహార పొట్లాలు కట్టడం, ఏ వీధికి ఏమి చేరింది, ఏమి చేరలేదు అన్నది రాసి పెట్టడం, ఫోన్లకు జవాబు చెప్పడం. నీరు తీశాక అసలు పని మొదలవుతుంది, సాయం చేసేవారు తగ్గిపోయేదీ అప్పుడే. ఇళ్లలో మేట వేసిన బురద ఎత్తడానికి రబ్బరు బూట్లు, చేతి తొడుగులు ఉండాలి; కాలికి పుండు గానీ కోత గానీ ఉంటే ఆ పనికి వెళ్లవద్దు. తడిసిన సర్టిఫికెట్లు, పాసుపుస్తకాలు మళ్లీ తెచ్చుకోవడానికి అర్జీలు రాసిపెట్టేవారు అప్పుడు ఎంతో అవసరం. సాయం తీసుకునేవారి ముఖాలు ఫొటోల్లో పెట్టకండి.

రక్తదానానికి 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి; మళ్లీ ఇవ్వడానికి మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు ఎడం ఉండాలి. యూత్ రెడ్‌క్రాస్ విభాగం ఉన్న కాలేజీల్లో ఆ శిబిరాలు వారే నడుపుతారు. ఓటరు నమోదు ఇంకా తేలిక: 17 ఏళ్లు నిండినవారు ఫారం-6తో ముందస్తుగా దరఖాస్తు చేయవచ్చు, అర్హత తేదీలు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. మీ తరగతిలో నమోదు కానివారి జాబితా రాయడం ఒక మధ్యాహ్నపు పని.

ఫెస్టులు, హ్యాకథాన్‌ల గురించి ఎక్కువ చెప్పను, వాటికి ప్రచారం ఎలాగూ ఉంటుంది. ఒక్క మాట: స్పాన్సర్‌షిప్ కోసం బీసెంట్ రోడ్డులోనో బ్రాడీపేటలోనో దుకాణాలు తిరిగే పనిని చిన్నచూపు చూడకండి, కొత్తవారితో మాట్లాడడం అంత త్వరగా నేర్పే పని మరొకటి లేదు. వసూలు చేసిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, డబ్బు మీ సొంత యూపీఐ ఖాతాకు రాకూడదు. విద్యార్థి సంఘాల్లో చేరడం మీ ఇష్టం. చేరే ముందు దాని వెనుక ఏ పార్టీ ఉన్నదో తెలుసుకుని చేరండి, మొదటి సెమిస్టర్‌లోనే పదవి తీసుకోకండి.

హాజరు సంగతి ముందే తేల్చుకోవాలి. కార్యక్రమానికి వెళ్లిన రోజును ఆన్ డ్యూటీగా లెక్కిస్తారా, దానికి ఎవరు సంతకం చేయాలి, ఎన్నాళ్లలోపు ఇవ్వాలి అన్నవి కాలేజీకో తీరుగా ఉంటాయి. ఉత్తరం ఇచ్చామని ఊరుకోకుండా, నెలాఖరున హాజరు పట్టికలో అది ఎక్కిందో లేదో చూసుకోండి. ఇంటర్నల్ పరీక్షలకు ముందు వారం ఏ పనీ ఒప్పుకోవద్దు. ఆ సంగతి ముందే చెప్పిన వలంటీరును ఎవరూ తప్పుపట్టరు. మూడో ఏడాదిలో అడుగుపెట్టగానే మీ బాధ్యతను జూనియర్లలో ఒకరికి అప్పగించడం మొదలుపెట్టండి: ఫోన్ నంబర్లు, అనుమతి లేఖల నకళ్లు, పోయిన ఏడాది లెక్కలు, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో రాసిన కాగితం, అన్నీ ఒకే ఫైలులో ఉంచి ఇవ్వాలి. గంటల లెక్కను ప్రోగ్రామ్ ఆఫీసర్ రిజిస్టరులో సరిచూసుకుని, ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌ను టీసీ తీసుకోకముందే చేతికి తెచ్చుకోండి. కాలేజీ వదిలాక, అధ్యాపకులు బదిలీ అయ్యాక దానికోసం తిరగడం చాలా కష్టం.