ఎండ దేశం, కట్టుబాట్లున్న చోటు: బ్యాగు సర్దే ముందు

మందులు ముందు చూసుకోండి. నొప్పికి, దగ్గుకి వాడే ట్రమడాల్, కోడీన్ లాంటి మందులున్న మాత్రలపై యూఏఈ లాంటి చోట్ల ఆంక్షలున్నాయి. ముందస్తు అనుమతి లేకపోతే కేసు దాకా వెళ్లొచ్చు.

పల్చటి, వదులైన పొడుగు చేతుల బట్టలు మూడు జతలు చాలు. ఒళ్లు కప్పుకుంటే ఉక్కపోస్తుందనుకుంటాం గానీ, ఎండ నేరుగా తగలదు కాబట్టి నిజానికి హాయిగానే ఉంటుంది. వెలుతురుకి పట్టి చూడండి, అవతలి వైపు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

జీన్స్ వద్దు. బరువు, పైగా ఉతికితే త్వరగా ఆరదు.

ఆడవాళ్లకు పెద్ద స్కార్ఫ్ ఒకటి. మసీదులో తలకి, ఏసీ బస్సులో భుజాలకి అదే.

మగవాళ్లూ, షార్ట్స్ ఇంట్లోనే వదిలేయండి. చాలా ప్రార్థనా స్థలాల్లోకి రానివ్వరు.

సన్‌స్క్రీన్ 100 మిల్లీలీటర్లు దాటని సీసాలోనే. క్యాబిన్ బ్యాగులో అంతకంటే పెద్దదైతే చాలా ఎయిర్‌పోర్టుల్లో తీసేసుకుంటారు.