ఆవుకి జ్వరమొస్తే ఈగల తీరు మారుతుంది, ఇలా కనిపెట్టండి

హైదరాబాద్‌లో జియాగూడ, కార్వాన్ వైపు ఇరుకు కొట్టాల్లో ఒకదాని తోక ఇంకోదానికి తగిలేంత దగ్గరగా ఆవుల్ని కట్టేస్తారు. అలాంటి చోట లంపీ (ఒంటిమీద గడ్డలు లేచే వైరస్ జబ్బు) భయం ఉన్నప్పుడు ఆవులతో పాటు ఈగల్ని కూడా గమనించాలి.

ఒంట్లో బాగున్న ఆవు మీద ఈగ వాలిందో లేదో తోక విసురుతుంది, కాలు నేలకేసి కొడుతుంది, చర్మం జలదరిస్తుంది. జ్వరం 104, 105 ఫారెన్‌హీట్‌కి చేరితే ఇవన్నీ తగ్గిపోయి చెవులు వేలాడేసుకుని నిలబడిపోతుంది. ఇక ఈగలకి అడ్డేముంది? కారే కళ్లమీద, ముక్కుమీద, పగిలిన గడ్డలమీద మామూలు ఈగలు ముసురుతాయి. వాటికన్నా టెన్షన్ పెట్టేది కాళ్లమీద తల పైకి పెట్టి కూర్చునే కుట్టే ఈగ. చూడ్డానికి ఇంటి ఈగలానే ఉంటుంది, కానీ మూతి దగ్గర సూదిలాంటి ముల్లు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. తాగుతుండగా లేపారంటే నెత్తురంటిన మూతితోనే పక్క ఆవుమీద వాలి మిగతా కడుపు నింపుకుంటుంది, వైరస్ కూడా ఆ మూతితోనే చేరుతుంది. అందుకే తువ్వాలు పట్టుకుని ఈగల్ని తోలితే చాలనుకోకండి.

పొద్దున ఎండెక్కాక ఆవుకి కాస్త దూరంలో నిలబడి ముందుకాళ్ల మీద ఈగల్ని లెక్కపెట్టండి. ఈగలు బాగా ఉన్నా కాలు కదపట్లేదంటే వెంటనే థర్మామీటర్ పెట్టండి, మెడమీద, పొదుగుమీద చెయ్యి పెట్టి గడ్డలున్నాయేమో తడమండి. అనుమానమొస్తే దాన్ని వేరే చోట కట్టి, చుట్టూ దోమతెర కట్టి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. విడిగా కట్టేసి తెర మానేస్తే సగం పనే, ఈగకి తాడు లేదు కదా! దోమలకీ ఈ తెర పనికొస్తుంది, అవి కూడా లంపీని మోస్తాయి. పిడుదులు కూడా మోస్తాయి, కాబట్టి చెవుల లోపల, తోక కింద వెతకండి. ఈగల, పిడుదుల మందు కొట్టేముందు డాక్టర్‌ని అడగండి, పుండ్లమీద మాత్రం కొట్టొద్దు. వేపాకు పొగ ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఆయాసపడే ఆవు దగ్గర అసలు పెట్టకండి.

అసలు పని గాడి కింద ఉంది. పేడ, మూత్రం కలిసి కుళ్లిన గడ్డిలోనే కుట్టే ఈగ గుడ్లు పెడుతుంది, రెండు మూడు వారాల్లో కొత్త ఈగలు లేస్తాయి. వారానికోసారైనా అడుగుదాకా గీకి, ఎండలో పల్చగా పరిచేయండి.

2019లో మన దేశానికొచ్చిన ఈ లంపీకి మేకల మశూచి టీకా వాడుతూ వచ్చారు. ఏ టీకా అయినా గడ్డలు రాకముందే, ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించాలి. ఇది మనుషులకి అంటదు, పాలు మాత్రం ఎప్పటిలాగే కాచి తాగండి.